కాన్పుల లెక్క మనదైతే డబ్బు లెక్కా మనమే అడగాలి

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజి, స్త్రీనిధి బకాయిలు అన్నీ అయిపోయాక ఆఖరున ఆరోగ్యం మాట వస్తుంది. అప్పటికి ఒకరికి పడవ గుర్తొస్తుంది, ఇంకొకరికి బడి నుంచి వచ్చే పిల్లలు గుర్తొస్తారు. అందుకని ఈసారి మా వంతు ముందుకు జరిపించుకున్నాం. కోప్పడకండి. మేము చెప్పబోయేది కూడా లెక్కల సంగతే. కుటుంబ నియంత్రణకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, దేనికి ఖర్చవుతుంది, మన గడప దాకా ఎంత వస్తుంది, రాని చోట మనం ఏం చెయ్యాలి అన్నదే ఈ నాలుగు మాటలు.

"పొదుపు సంఘానికి ఈ సంగతులెందుకు, నర్సమ్మ చూసుకోదా" అని కొందరు అడిగారు. మన రుణ దరఖాస్తుల్లో కారణం రాసే గడి ఒకసారి తిరగేసి చూడండి. ఆసుపత్రి ఖర్చు అని రాసిన చోట విడిగా కూర్చోబెట్టి అడిగితే ఎన్నోసార్లు కాన్పు అనో, కాన్పు తరవాత తగ్గని నడుం నొప్పి అనో, రక్తం తక్కువై ఎక్కించుకున్నామనో చెబుతారు. కాన్పుకూ కాన్పుకూ ఎడం లేని ఇంట్లో ముందు తల్లి ఒళ్ళు చెడుతుంది, తరవాత కూలి పోతుంది, ఆ తరవాత వాయిదా తప్పుతుంది. అంటే ఇది మన పాసుపుస్తకంలో ఉన్న సంగతే.

సూళ్ళూరుపేట, తడ మండలాలు 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలోనివి. ఆ జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డప్పుడు కూడా "మీకెందుకీ గొడవ" అన్నవాళ్ళున్నారు. ఆ ఉద్యమం తరవాతే రోజుకొక రూపాయి దాచే పొదుపు లక్ష్మి సంఘాలు ఆ జిల్లాలో పుట్టాయి. మనకు సంబంధం లేదన్న సంగతిని పట్టుకోవడంతోనే మన సంఘాలు మొదలయ్యాయని గుర్తు పెట్టుకుందాం.

డబ్బు నడిచిన దారి

కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా పెట్టుకున్న మొదటి దేశం ప్రపంచంలో మనదే. అది 1952లో. మొదటి పంచవర్ష ప్రణాళికలో దానికి కేటాయించింది 65 లక్షల రూపాయలు. తరవాత ఒక్కో ప్రణాళికకూ సొమ్ము పెరుగుతూ వచ్చింది. బయటి దేశాల సంస్థలు కూడా డబ్బు, సలహాలు ఇచ్చాయి. డబ్బుతో పాటు టార్గెట్ కూడా వచ్చింది. 1960ల మధ్య నుంచి ఒక్కో జిల్లాకు ఇన్ని ఆపరేషన్లు, ఇన్ని లూప్‌లు అని లెక్క కట్టి పంపేవారు.

ఆ రోజుల్లో ఆపరేషన్ అంటే ఎక్కువగా మగవాళ్ళ ఆపరేషనే. 1971 జులైలో కేరళలోని ఎర్నాకుళంలో నెల రోజులు శిబిరం పెడితే దాదాపు 63 వేల మంది మగవాళ్ళు వేసెక్టమీ చేయించుకున్నారు. ఈ మాట మన కుప్పాల్లో చెబితే ఎవరూ నమ్మరు. కానీ నిజం.

తరవాత ఎమర్జెన్సీ వచ్చింది. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగితే, అందులో 60 లక్షలకు పైగా మగవాళ్ళవే. చాలాచోట్ల జీతం ఆపుతామని బెదిరించారు, ఊళ్ళమీద పడి పట్టుకుపోయారు. 1977 ఎన్నికల్లో జనం ఆ కోపం తీర్చుకున్నారు. ఆ దెబ్బ తరవాత ఏ ప్రభుత్వమూ మగవాళ్ళ జోలికి గట్టిగా పోలేదు. బరువంతా ఆడవాళ్ళ మీదికి తిరిగింది. ఎందుకంటే ఆడమనిషి కాన్పుకు ఎటూ ఆసుపత్రికి వస్తుంది, ఎన్నికల్లో తిరగబడుతుందన్న భయమూ లేదు. మనం పుట్టక ముందో, పసిపిల్లలుగా ఉన్నప్పుడో ఎక్కడో జరిగిన రాజకీయం, ఈ రోజు మన పొట్ట మీద కోతగా ఉంది.

1994లో కైరోలో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని, జనాభా అంకె కోసం కాదు, ఆడవాళ్ళ ఆరోగ్యం కోసం, వాళ్ళ ఇష్టం ప్రకారం ఈ సేవలు అందాలని ఒప్పుకున్నాయి. మన దేశంలో 1996లో టార్గెట్లు తీసేశారు. కాగితం మీద తీసేశారు. డబ్బు మాత్రం పాత అలవాటునే నడిచింది.

ఈ లెక్క జాగ్రత్తగా వినండి. 2013-14లో దేశంలో కుటుంబ నియంత్రణకు పెట్టిన ఖర్చులో నూటికి 85 రూపాయలు ఆడవాళ్ళ ఆపరేషన్లకే పోయాయి. కాన్పుల మధ్య ఎడం ఉంచే మాత్రలు, కాపర్-టి, నిరోధ్ లాంటి వాటికి పోయింది నూటికి ఒకటిన్నర రూపాయి. మన సంఘంలో ఎవరైనా ఇట్లా ఖర్చు పెట్టి లెక్క చూపిస్తే ఆడిట్‌లో ఊరుకుంటామా?

మన రాష్ట్రం సంగతి

మన రాష్ట్రంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక తల్లికి సగటున 1.7 మంది పిల్లలు. 1992-93లో మొదటి సర్వే చేసినప్పుడు అది 2.6. ఇది తక్కువ మార్పు కాదు. చదువు లేకపోయినా, ఆస్తి లేకపోయినా మన అమ్మలు, మనం కలిసి చేసిన మార్పు ఇది.

కానీ ఎట్లా చేశామో చూడండి. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. దేశం మొత్తం మీద ఆ లెక్క 38. మగవాళ్ళ ఆపరేషన్ అంటారా, నూటికి ఒక్కటి కూడా లేదు. మాత్రలు, కాపర్-టి, ఇంజెక్షన్ వాడేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత.

దీని అర్థం ఏమిటి? మన పిల్లకు పదిహేడో పద్దెనిమిదో ఏట పెళ్ళి. ఏడాదికి మొదటి కాన్పు. ఏడాదిన్నరకు రెండో కాన్పు. ఆ మంచం మీదే ఆపరేషన్. ఇరవై రెండేళ్ళకు "అయిపోయింది" అంటాం. కాన్పుల మధ్య ఎడం అన్న మాటే ఆ పిల్ల జీవితంలో ఎవరూ ఎత్తలేదు. 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న ఆడపిల్లల్లో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్ళయిందని ఆ సర్వేలోనే ఉంది. ఆ పిల్లలకు కావలసింది ఆపరేషన్ కాదు, ఎడం. ఆ ఎడానికే మన దగ్గర సరుకు లేదు, చెప్పే మనిషీ లేదు.

ఆపరేషన్ చెడ్డదని మేము అనడం లేదు. ఈ హాల్లో చాలామందిమి చేయించుకున్నవాళ్ళమే. కావాలని, తెలుసుకుని, మంచి ఆసుపత్రిలో చేయించుకుంటే అది మంచి పద్ధతి. వేరే దారి ఉందని తెలియక చేయించుకోవడం వేరు.

ఉచితం అన్నది మన సరస్సు మీద ఎంత ఖరీదో

సర్కారు ఆసుపత్రిలో ఆపరేషన్ ఉచితం. పైగా కూలి నష్టం కింద కొంత డబ్బు ఇస్తారు. కేంద్రం 2007లో పెట్టిన లెక్కలో మన లాంటి రాష్ట్రాల్లో తెల్లకార్డు వాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆడవాళ్ళ ఆపరేషన్‌కు 600 రూపాయలు, మిగతా వాళ్ళకు 250. మగవాళ్ళ ఆపరేషన్‌కు 1,100. ఇప్పుడు ఎంత ఇస్తున్నారో చేరేముందే అడిగి తెలుసుకోండి, అడగడానికి మొహమాటం వద్దు.

ఇప్పుడు మన ఖర్చు వేద్దాం. ఇరకం నుంచి భీములవారిపాళెం రేవు దాకా పడవ. అక్కడి నుంచి ఆటో, తరవాత బస్సు. తోడు వచ్చే మనిషి కూలి. చిన్నపిల్లను చూసుకోవడానికి ఇంట్లో ఇంకొకరి కూలి. ఆపరేషన్ అయ్యాక రెండు రోజులు పూర్తిగా పడుకోవాలి, వారం దాకా బరువెత్తకూడదు, మామూలు పనికి నిదానంగా రెండు వారాలకు రావాలి అని డాక్టర్లే చెబుతారు. మోకాలి లోతు నీళ్ళలో వంగి చేత్తో రొయ్యలు ఏరే యానాది చెల్లెలికి రెండు వారాలంటే ఎంత? తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మే అక్కకు ఎంత? శ్రీసిటీలో కంపెనీకి పోయే పిల్లకు ఎన్ని రోజుల జీతం కోత? 600 రూపాయలు ఏ మూలకు వస్తాయి?

అందుకే ఏం జరుగుతుంది? నాలుగో రోజుకే నీళ్ళలో దిగుతారు. కుట్టు చీము పడుతుంది. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ అప్పు. "ఎట్ట పడుకునేదమ్మా, పడుకుంటే పొయ్యి ఎట్ట వెలిగేది" అని ఒక చెల్లెలు మమ్మల్ని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ఆసుపత్రి దగ్గర లేదు. మన సంఘం దగ్గరే ఉంది. దానికి ఏం చెయ్యాలో చివర చెబుతాం.

సరస్సు ముఖద్వారం ఇసుకతో పూడిపోతే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. బయట సముద్రం నిండుగా ఉన్నా లోపలికి పోటు నీళ్ళు రావు, చేపా రాదు. ఆరోగ్యం డబ్బూ అంతే. జాతీయ ఆరోగ్య మిషన్ ఖర్చులో మన రాష్ట్రంలో కేంద్రం 60, రాష్ట్రం 40 పెట్టుకుంటాయి. పైన సొమ్ము ఉంటుంది. మన ఉపకేంద్రంలో ఇంజెక్షన్ అయిపోయి ఉంటుంది. పూడిక ఎక్కడుందో చూసి అడిగేవాళ్ళు ఉంటేనే నీళ్ళు లోపలికి వస్తాయి.

ఒక సభ్యురాలికి జరిగింది

పేరు, ఊరు చెప్పం. రెండో కాన్పు తరవాత ఒకామె ఆపరేషన్ చేయించుకుంది. కొన్నాళ్ళకు నెల తప్పింది. ఆపరేషన్ అయిన మనిషికి నెల తప్పడమేమిటని ఇంట్లో మొగుడికి అనుమానం, అత్తకు అనుమానం. ఆ నెలలు ఆమె పడిన మాటలు ఆమెకే తెలుసు. ఆపరేషన్ చేసిన చోటికి పోతే "ఒక్కోసారి అట్లా అవుతుందిలే" అని పంపేశారు. పరిహారం ఉందని చెప్పినవాళ్ళు లేరు. ఆపరేషన్ కాగితాలు గాలివానకు ఇంట్లో తడిసి పోయాయి. ఆమె సంఘానికి వచ్చి చెప్పుకునేసరికి బిడ్డ పుట్టి నాలుగో నెల. గడువు దాటిపోయింది.

ఇది అందరూ తెలుసుకోవాలి. ఆడవాళ్ళ ఆపరేషన్ వెయ్యి మందిలో అయిదారుగురికి మొదటి ఏడాదిలోనే విఫలం కావచ్చు. డాక్టరు బాగా చేసినా కావచ్చు. అది ఆ ఆడమనిషి తప్పు కాదు, నడవడి సంగతి అంతకన్నా కాదు. ఈ మాట మొగుళ్ళకు, అత్తలకు మనమే గట్టిగా చెప్పాలి.

ఇందుకోసమే కుటుంబ నియంత్రణ పరిహార పథకం ఉంది. 2005లో బీమాగా మొదలై, 2013 నుంచి రాష్ట్రాల ద్వారా నడుస్తోంది. ఆపరేషన్ వల్ల ఆసుపత్రిలోగానీ, ఇంటికొచ్చిన వారం రోజుల్లోగానీ మనిషి చనిపోతే 4 లక్షలు. 8 నుంచి 30 రోజుల మధ్య అయితే 1 లక్ష. ఆపరేషన్ విఫలమైతే 60 వేలు. 60 రోజుల్లోపు ఏదైనా ఇబ్బంది వచ్చి వైద్యం అవసరమైతే 50 వేల దాకా ఖర్చు. సంగతి బయటపడిన 90 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి. గర్భం వద్దనుకుంటే తీయించుకోవడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది. కాకపోతే ఆలస్యం చెయ్యకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

హర్యానాలో ఒక కూలి తల్లికి ఇట్లాగే ఆపరేషన్ విఫలమై ఆడపిల్ల పుడితే, ఆమె కోర్టుకు పోయింది. కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది. 2000 సంవత్సరంలో ఆమె గెలిచింది. ఆమెకు మన లాంటి సంఘం కూడా లేదేమో. మనకు ఉంది.

మన హక్కులు ఏ కాగితంలో ఉన్నాయి

2012 జనవరిలో బీహార్‌లో ఒక బడిలో రెండు గంటల్లో 53 మంది ఆడవాళ్ళకు ఆపరేషన్లు చేశారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో కొన్ని గంటల్లోనే 83 మందికి చేశారు. ఆ తరవాత పదిమందికి పైగా తల్లులు చనిపోయారు. అందరూ పేదింటి వాళ్ళు. దేవికా బిశ్వాస్ అనే ఆరోగ్య కార్యకర్త బీహార్ సంగతి మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 14న తీర్పు ఇచ్చింది. శిబిరాలు మూడేళ్ళలో ఆపెయ్యాలని, దొంగచాటుగా కూడా టార్గెట్లు పెట్టకూడదని చెప్పింది. ఆ తీర్పు నుంచి, ప్రభుత్వ నియమాల నుంచి మనకు దక్కేవి ఇవి:

ఒకటి. సంతకం పెట్టించుకునే ముందు కాగితంలో ఉన్నదంతా మనకు తెలిసిన భాషలో చెప్పాలి. చెప్పాక ఆలోచించుకోవడానికి ఒక గంటసేపైనా ఇవ్వాలి. ఆఖరు నిమిషంలో వద్దనుకుంటే లేచి రావచ్చు. అందుకు వేరే ఏ సేవా ఆపకూడదు.

రెండు. మన ఆపరేషన్‌కు మన సంతకం చాలు. మొగుడి సంతకం అక్కర్లేదు.

మూడు. వయసు 22 దాటాలి, 49 లోపు ఉండాలి. కనీసం ఒక బిడ్డకు ఏడాది దాటి ఉండాలి. ఈ నియమం మన పిల్లల కోసమే పెట్టారు. ఆధార్‌లో వయసు దిద్దించి ఇరవై ఏళ్ళకే చేయించడం ఆ పిల్లకు మేలు కాదు. బిడ్డకు ఏదన్నా అయితే వెనక్కి తెచ్చుకోలేం.

నాలుగు. ఆపరేషన్ అయ్యాక డిశ్చార్జి చీటీ, తరవాత సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ రెండూ లేకుండా పరిహారం అడగడం కష్టం.

ఎడానికి ఏమేం ఉన్నాయి

ఇవన్నీ సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా దొరకవలసినవి.

కాపర్-టి ఒక రకం 5 ఏళ్ళు, ఇంకో రకం 10 ఏళ్ళు పనిచేస్తుంది. కాన్పయిన 48 గంటల్లోపు కూడా వేయించుకోవచ్చు. దీవిలో ఉండేవాళ్ళకు ఇది వీలైన పద్ధతి, మళ్ళీ మళ్ళీ పడవెక్కే పని తగ్గుతుంది. కావాలనుకున్నప్పుడు తీయించుకోవచ్చు.

అంతర ఇంజెక్షన్ మూడు నెలలకొకసారి. నెలసరి తారుమారు అవుతుంది, కొందరికి ఆగిపోతుంది. ముందే చెబితే భయపడరు. చెప్పకపోతే రెండో సూదికి రారు. మానేశాక మళ్ళీ గర్భం రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు.

ఛాయ మాత్ర లక్నోలో మన శాస్త్రవేత్తలే తయారుచేసింది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరవాత వారానికి ఒకటి. ఇందులో హార్మోన్ లేదు. అంతర, ఛాయ రెండూ 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నాయి.

మాలా-ఎన్ రోజూ వేసుకునే మాత్ర. నిరోధ్ సంగతి అందరికీ తెలుసు. సుఖవ్యాధులు, ఎయిడ్స్ రాకుండా కాపాడేది అదొక్కటే. అనుకోకుండా జరిగితే 72 గంటల్లోపు వేసుకునే మాత్ర ఉంది. 2011 నుంచి ఆశా కార్యకర్త ఇంటికే తెచ్చి ఇచ్చే పద్ధతి వచ్చింది. నిరోధ్ పొట్లానికి, మాత్రల చీటీకి రూపాయి, 72 గంటల మాత్రకు రెండు రూపాయలు తీసుకునేలా పెట్టారు.

ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరమ్మ, నర్సమ్మ చూసి చెప్పాలి. బి.పి. ఉన్నవాళ్ళకు, పాలిచ్చే తల్లులకు కొన్ని సరిపడవు. సంఘంలో మనం చెప్పేది ఒక్కటే: ఇవన్నీ ఉన్నాయి, అడగండి.

మగవాళ్ళ మాట

మగవాళ్ళ ఆపరేషన్‌కు ఇప్పుడు కత్తిగాటు లేదు, కుట్లు లేవు. కాసేపట్లో అయిపోతుంది, అదే రోజు ఇంటికి రావచ్చు. రెండు రోజులు విశ్రాంతి, వారం దాకా బరువు పని వద్దు. ఆ తరవాత పడవ నడపొచ్చు, వల లాగొచ్చు. మగతనం ఎక్కడికీ పోదు. కాకపోతే మూడు నెలల దాకా నిరోధ్ వాడాలి, తరవాత పరీక్ష చేయించుకోవాలి. ఆ మూడు నెలల సంగతి చెప్పక, తరవాత ఆడవాళ్ళ మీద నిందలు పడిన ఇళ్ళు ఉన్నాయి.

పొట్ట కోసే ఆపరేషన్ కంటే ఇది తేలిక. ప్రభుత్వం ఇచ్చే డబ్బు కూడా దీనికే ఎక్కువ. అయినా ఎవరూ పోరు. ఎందుకంటే "వాడు కష్టం చేసే మనిషి" అని మనమే అంటాం. నీళ్ళలో వంగి రొయ్యలేరే మనిషి కష్టం చెయ్యడం లేదా? మన కొడుకుల దగ్గర, తమ్ముళ్ళ దగ్గర ఈ మాట మొదలుపెడదాం. బలవంతం వద్దు. 1976లో బలవంతం చేసినందుకే ఇన్నేళ్ళుగా ఈ తలుపు మూసుకుపోయింది.

గాలి మారుతోంది

ఇప్పుడు ఈ మాట ఎందుకు ఎత్తామంటే, గాలి మారుతోంది. 1994 చట్టం ప్రకారం ముగ్గురు పిల్లలుంటే పంచాయతీకి పోటీ చెయ్యకూడదన్నారు. ఇద్దరు చాలని ముప్పై ఏళ్ళు గోడల మీద రాశారు. 2024 నవంబరులో మన శాసనసభ ఆ నిబంధన తీసేసింది. పిల్లలు తగ్గిపోతున్నారు, ఎక్కువమందిని కనండి అని పెద్దలు చెబుతున్నారు. ముసలివాళ్ళు పెరుగుతున్నారన్న దిగులు వాళ్ళకు ఉంది, అది ఉత్తదేమీ కాదు. ఆ నిబంధన పోవడం ఆడవాళ్ళకు మంచిదే, దాని వల్ల సర్పంచి కాలేకపోయినవాళ్ళు ఉన్నారు.

మా భయం వేరు. ఆపమన్నప్పుడు మన ఒళ్ళే, కనమన్నప్పుడూ మన ఒళ్ళే. అంకె కావలసినప్పుడు డబ్బు వచ్చి, అంకె అక్కర్లేనప్పుడు డబ్బు పోతే, మధ్యలో పదిహేడేళ్ళ పిల్లకు మాత్ర దొరకదు. ఎంతమందిని కనాలి, ఎప్పుడు కనాలి అన్నది ఆ ఇంటి ఆడమనిషి నిర్ణయం. ఒకరు కావాలన్నా, ముగ్గురు కావాలన్నా ఎడం కావాలి, క్షేమంగా కాన్పు కావాలి. ఏ ప్రభుత్వం వచ్చినా ఈ సేవలకు డబ్బు ఆగకూడదని అడగడమే మన పని.

డబ్బు ఆగితే ఏమవుతుందో బయటి ప్రపంచంలో చూస్తున్నాం. చాలా పేద దేశాల్లో, ముఖ్యంగా ఆఫ్రికాలో, మాత్రలు ఇంజెక్షన్లు కొనేది బయటి దేశాల సాయంతో. అందులో పెద్ద దాతగా ఉండేది అమెరికా. 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సాయాన్ని నిలిపేసింది, ఆ సాయం చూసే సంస్థను జులై నాటికి మూసేసింది. ఎక్కడో ఒక సంతకంతో వేల మైళ్ళ దూరంలో ఉన్న తల్లికి సూది అందలేదు. మన దేశం ఈ సరుకును సొంత డబ్బుతోనే కొంటుంది. అది మన బలం. అది దానం కాదు, మనం సబ్బు కొన్నా కట్టే పన్ను. కాబట్టి అడిగే హక్కు మనది.

పక్కనున్న బంగ్లాదేశ్ మన కంటే పేదగా ఉన్న రోజుల్లోనే, ఊరి ఆడవాళ్ళనే కార్యకర్తలుగా పెట్టి ఇంటింటికీ మాత్రలు, సూదులు పంపింది. తల్లికి ఆరుగురికి పైగా పిల్లలున్న దేశం ఇద్దరి దగ్గరికి వచ్చింది. అక్కడ ఎక్కువమంది వాడింది ఆపరేషన్ కాదు, ఎడం ఉంచే పద్ధతులు. గడప దాకా మనిషి వస్తే ఏమవుతుందో అది చూపించింది.

సభ ముందు పెడుతున్న తీర్మానాలు

1. ఎవరి రుణానికీ, ఏ పథకానికీ, ఆపరేషన్ చేయించుకోవడానికీ ముడి పెట్టం. ఎవరైనా పెట్టమంటే ఒప్పుకోం. ఎవరు ఏ పద్ధతి వాడుతున్నారో మినిట్సు పుస్తకంలో పేరు రాయం. అది ఆమె సొంత సంగతి.

2. ఆపరేషన్ చేయించుకున్న సభ్యురాలికి రెండు వారాల విశ్రాంతి కోసం గ్రామైక్య సంఘం ఆరోగ్య నిధి నుంచి వడ్డీ లేని చిన్న రుణం. ఆ నెల వాయిదా తప్పినా గ్రేడు తగ్గించకుండా సర్దుబాటు. ఆసుపత్రికి తోడుగా ఒక సభ్యురాలు.

3. ప్రతి మూడు నెలలకు ఒకసారి ఆరోగ్య ఉపసంఘం ఉపకేంద్రానికి పోయి కాపర్-టి, అంతర, ఛాయ, మాలా-ఎన్, నిరోధ్ ఉన్నాయా లేవా అని అయిదు గీతల కాగితం నింపుతుంది. లేకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకుంటుంది. నర్సమ్మ మీద ఫిర్యాదు కాదు ఇది. సరుకు కోసం ఆమె అడిగితే వినని వాళ్ళు, మనం కలిసి అడిగితే వింటారు.

4. ఇరకం లాంటి దీవులకు, దూరపు కుప్పాలకు, యానాది కాలనీలకు నెలకొకసారి ఆరోగ్య దినం నాడు ఈ సేవలన్నీ అక్కడికే రావాలని కోరడం. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీకి ఏడాదికి వచ్చే 10 వేల రూపాయల ఖర్చు ఎలా పెడుతున్నారో ఆ కమిటీలో కూర్చుని అడగడం.

5. ఆపరేషన్ చీటీ, సర్టిఫికెట్ ఇంటికి రాగానే ఫోనులో ఫోటో తీసి పెట్టుకోవడం, అసలు కాగితాలు ప్లాస్టిక్ కవరులో దాచడం. నెల తప్పినా, నొప్పి వచ్చినా ఆ వారంలోనే వి.ఓ.ఏ.కి చెప్పడం. 90 రోజులు అన్న మాట ప్రతి సంఘం గోడ మీద రాయించడం.

6. 18 నిండని పిల్లకు పెళ్ళి మాట వినిపిస్తే ముందు ఇంటికి పోయి మాట్లాడటం, వినకపోతే 1098కి ఫోను చెయ్యడం. కొత్తగా పెళ్ళయిన పిల్లలకు, వాళ్ళ అత్తలకు కలిపి ఏడాదికి రెండుసార్లు నర్సమ్మతో సమావేశం. మగవాళ్ళకు వలలు బాగుచేసుకునే తీరిక రోజుల్లో మగ ఆరోగ్య కార్యకర్తతో సమావేశం.

వీటిలో పెద్ద డబ్బు కావలసింది రెండోదానికి ఒక్కదానికే. దానికి ఎంత నిధి పక్కన పెట్టాలో ఈ రోజే సభ తేల్చాలని కోరుతున్నాం. ఎంత చిన్న మొత్తంతో మొదలైనా ఫరవాలేదు, రూపాయితో మొదలైనవాళ్ళం.

మా మాటల్లో అర్థం కానిది ఉంటే భోజనాల తరవాత వెనక వరండాలో కూర్చుంటాం, నర్సమ్మ కూడా ఉంటుంది. అందరి ముందూ అడగలేనివి అక్కడ అడగండి. ఇప్పుడు తీర్మానాలు ఒక్కొక్కటే చదువుతాం. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి. ఒప్పుకోనివాళ్ళు లేచి ఎందుకో చెప్పండి, అది కూడా రాసుకుంటాం.